బారువ నుంచి ముఖలింగం దాకా, మహేంద్రగిరి మీదుగా

మొదటి రోజు: బారువ, మందస

మహేంద్రతనయ పేరుతో మన శ్రీకాకుళం వైపు రెండు నదులున్నాయి. రెండూ మహేంద్రగిరి ప్రాంతంలోనే పుడతాయి. ఒకటి తూర్పుగా దిగి, సోంపేట పొలాల మీదుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది పడమటి వైపు దిగి, మెళియాపుట్టి మీదుగా, పర్లాకిమిడిని ఒరుసుకుంటూ వచ్చి గొట్టా దగ్గర వంశధారలో కలుస్తుంది. ఒకదాని ముఖద్వారం దగ్గర బయలుదేరి, కొండ దాటి, రెండోదాని వైపు దిగాలన్నది మా పథకం. మేమంటే నేనూ, మందసలో స్థిరపడ్డ ఒక విశ్రాంత లెక్కల మాస్టారూ. పథకం ఆయనది, కాళ్ళనొప్పులు నావి.

పొద్దున్నే బారువ తీరంలో దిగాం. డిసెంబరు కాబట్టి నది సన్నగా ఉంది. ఇసుక తిన్నె వెనక కాసేపు నిలిచి, దారి చూసుకుని సముద్రంలోకి జారుతోంది. ఇక్కడ ఒకప్పుడు రేవు నడిచిందంటే నమ్మడం కష్టం. దీపస్తంభం ఉంది, కోటిలింగేశ్వరుడి గుడి ఉంది, కొబ్బరి పీచు పనులున్నాయి. 1917లో ఈ తీరానికి దగ్గరలోనే చిల్కా అనే ఆవిరి ఓడ మునిగిపోయింది. దాని శిథిలాలు ఇప్పటికీ నీటి అడుగున ఉన్నాయి, ఈతగాళ్ళు దిగి చూసి వస్తుంటారు. నేను ఒడ్డున నిలబడి పడమటికి చూశాను. కొబ్బరి తోపుల పైన నీలంగా ఒక గోడ. అదే మహేంద్రగిరి. ఎత్తు 1,501 మీటర్లు, ఇక్కడికి సూటిగా కొలిస్తే పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. సముద్రానికి ఇంత దగ్గరగా ఇంత ఎత్తు లేచే కొండ తూర్పు తీరంలో అరుదు. బంగాళాఖాతం మీద నుంచి వచ్చే మబ్బు మొదట దీనికే తగులుతుంది. అందుకే ఆ అడవి, అందుకే ఆ నదులు.

అక్కడి నుంచి ఉద్దానం లోపలికి వెళ్ళాం. ఈ పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ కిడ్నీ జబ్బే గుర్తుకొస్తుంది. అది అబద్ధం కాదు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంతవరకూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళను గొట్టాల్లో ఇక్కడికి తెచ్చే పథకమూ మొదలైంది. కానీ ఉద్దానం అంటే ముందు తోటలు. కొబ్బరి, జీడి, పనస, మునగ ఒకదాని నీడలో ఒకటి పెరుగుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. ముప్పై నలభై ఏళ్ళ కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. ఇప్పుడు వాటి స్థానంలో నాటిన మొక్కలు మనిషెత్తు దాటాయి. మాస్టారు ఒక తోట గట్టున ఆగి జీడి పిక్కల బస్తా ధర అడిగారు. ఇక్కడ బస్తా అంటే 80 కిలోలు. రైతు ధర చెప్పి, "ఎలుగులు తిన్నవి పోగా" అని నవ్వాడు. కొండల మీద మేత తగ్గి, తోటల్లో పనస, జీడిపండ్ల వాసన పెరిగితే ఎలుగుబంటి ఇటే వస్తుంది. దాన్ని తప్పుపట్టి లాభం లేదు. అలాగని రాత్రిపూట తోటకు కాపలా వెళ్ళే మనిషిని ధైర్యంగా ఉండమని చెప్పే అర్హత నాకు లేదు.

మధ్యాహ్నం దాటాక మందస చేరాం. వాసుదేవ పెరుమాళ్ ఆలయం కళింగ రీతి గుడి. చాలాకాలం పాడుబడి ఉండి, ఈ మధ్యకాలంలో జీర్ణోద్ధరణకు నోచుకుంది. రాతి పని బాగుంది. తర్వాత మాస్టారు నన్ను బజారుకు తీసుకెళ్ళి మందస కోవా తినిపించారు. గుడి గురించి రెండు మాటల్లో సరిపెట్టిన ఆయన కోవా గురించి పావుగంట మాట్లాడారు.

మందసలో నేను చూడాలనుకున్నది వేరే. ఒకప్పుడు ఆ కొండా, అడవీ మందస జమీందారీలో భాగం. వంటచెరకు కోసం, నాగలి కర్ర కోసం రైతులు అడవిలోకి వెళ్ళడం తరతరాల అలవాటు. జమీందారు మనుషులు అది దొంగతనమన్నారు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగింది. ఆ ఊపులో రైతులు బళ్ళు కట్టుకుని అడవికి వెళ్ళి కర్ర తెచ్చుకున్నారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు అరెస్టులకు దిగితే, అడ్డుపడిన జనం మీద కాల్పులు జరిగాయి. ముందు నిలబడిన సాసుమాన గున్నమ్మ అక్కడే చనిపోయింది. ఆమెతో పాటు మరికొందరు. ఈ జిల్లాలో ఆమెను వీరగున్నమ్మ అంటారు. పుస్తకాల్లో ఇది జమీందారీ వ్యతిరేక పోరాటంగా ఉంటుంది. నాకు మాత్రం ఇది ముందు అడవి కథ. ఒక మోపు కర్ర మీద ఎవరికి హక్కు అన్న ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆ ప్రశ్న పేరు మార్చుకుంటూ వచ్చింది, ఇప్పటికీ కొండ మీది ఊళ్ళలో పట్టాల మాట ఎత్తితే అదే వినిపిస్తుంది.

రెండో రోజు: బుడారిసింగి దారి, శిఖరం

తెల్లవారుజామునే సాబకోట మీదుగా బుడారిసింగి చేరాం. శివరాత్రికి మన వైపు నుంచి కాలినడకన వెళ్ళే భక్తులది ఇదే దారి. పడమటి వైపు కోయిన్‌పూర్ నుంచి జీపు దాదాపు పైదాకా వెళ్తుంది, కాబట్టి చాలామంది అటే పోతారు. మాస్టారి దృష్టిలో అది కొండ ఎక్కడం కాదు, కొండకు వెళ్ళి రావడం.

దారి చూపడానికి ఒక సవర గిరిజన యువకుడు వచ్చాడు. మాస్టారి దగ్గర ఎనిమిదో తరగతి చదివాడట. "లెక్కలు రాలేదు గానీ మాస్టారి దెబ్బలు గుర్తున్నాయి బాబూ" అన్నాడు నాతో. మాస్టారు వినపడనట్టు ముందుకు నడిచారు.

మొదటి గంట జీడి తోటలే. తర్వాత పోడు పొలాలు. చోడి (రాగి) కోత అయిపోయింది, కంది ఇంకా నిలబడి ఉంది. ఆ తర్వాత నేను ఆగిపోయాను. గెడ్డ (కొండవాగు) దిగివచ్చే లోయలో, మెట్లు మెట్లుగా వరి మడులు. ఒక్కో మడికీ రాతి గట్టు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి ఒద్దికగా పేర్చారు. కొన్ని గట్లు నా భుజం ఎత్తున్నాయి. పై మడి నిండాక నీళ్ళు కింది మడిలోకి, అక్కడి నుంచి ఆ కిందికి. వానాకాలం గట్టు ఒక చోట కూలితే ఊరంతా వెళ్ళి మళ్ళీ పేరుస్తారు. సవరల ఈ మడులను చూసి ఒకనాటి ఆంగ్లేయ అధికారులు ఆశ్చర్యపోయి రాసుకున్నారు. ఆశ్చర్యపడుతూనే అదే మనుషులను 'అనాగరికులు' అని కూడా రాశారు. రెండు వాక్యాలూ ఒకే పేజీలో ఎలా ఇమిడాయో!

ఊళ్ళో ఒక ఇంటి వరండాలో కూర్చోబెట్టి చోడి అంబలి ఇచ్చారు. ఎర్రమట్టి గోడలు, పొడుగాటి వరుస ఇళ్ళు. ఆ ఇంటి తాత అనుమతి ఇచ్చాక లోపలి గోడ చూశాను. ఎరుపు మీద తెల్లటి బియ్యప్పిండి బొమ్మలు. చతురస్రం లోపల మనుషులు, ఏనుగు, నెమలి, కావిడి మోసేవాళ్ళు, సూర్యుడు, చంద్రుడు. ఇవి అలంకారం కోసం వేసినవి కావు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పోయిన పెద్దలు కలలో కనిపించి అడిగినా, పూజారి చెప్పిన ప్రకారం వేస్తారు. చనిపోయినవాళ్ళు దిగి వచ్చి ఉండడానికి గోడ మీద కట్టిన ఇల్లు అది. అందులో ఒక మూల చిన్న బస్సు బొమ్మ ఉంది. ఎందుకని అడిగితే, "పోయినవాడు పలాస బస్సెక్కడమంటే సరదా పడేవాడు" అన్నాడు తాత. ఈ బొమ్మలను ఇప్పుడు పట్నాల్లో గుడ్డల మీద, సంచుల మీద వేసి అమ్ముతున్నారు. అమ్మితే తప్పేమీ లేదు, కడుపు నిండాలి. కానీ ఆ బస్సు మాత్రం సంచి మీదికి రాదు.

ఊరు దాటాక అడవి మొదలైంది. కింది భాగంలో గుగ్గిలం, మద్ది, ఇప్ప, అడ్డతీగ. గెడ్డల పక్కన ఎండ పడని చోట్ల ఆకు రాల్చని చెట్లు, వాటి మీద నాచు, పెద్ద పెద్ద ఫెర్నులు. కల్లు కోసం జీలుగు చెట్లకు కుండలు కట్టి ఉన్నాయి. ఎత్తులో ఎక్కడో కొండ గోరింక ఈల వేస్తోంది, మనిషి వేసినట్టే ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు కొండచీపురు మోపులు నెత్తిన పెట్టుకుని మాకు ఎదురుగా పరుగులాంటి నడకతో దిగిపోయారు. మేము వాళ్ళకు దారి ఇచ్చి, అదే సాకుగా పది నిమిషాలు కూర్చున్నాం.

మహేంద్రగిరిలో వెయ్యికి పైగా మొక్కల జాతులున్నట్టు గుర్తించారు. మందుమొక్కలకు ఇది పెట్టింది పేరు. ఒడిశా ప్రభుత్వం 2022లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. శిఖరం ఆ రాష్ట్రంలోని గజపతి జిల్లాలో ఉంది మరి. మన వైపు సానువుకు అలాంటి పేరేమీ లేదు. గోరింకకు ఈ సరిహద్దు గురించి ఎవరూ చెప్పినట్టు లేదు.

మిట్టమధ్యాహ్నానికి పైకి చేరాం. చెట్లు పలచబడి గడ్డి, పొట్టి ఈత పొదలు, వాటి మధ్య నల్లటి బండలు. గాలి చలిగా ఉంది. ఇక్కడ విడివిడిగా మూడు రాతి గుళ్ళు. భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అని పిలుస్తారు. పాండవులు కట్టారన్నది జనం మాట. కట్టడం తీరు చూస్తే కళింగ ఆలయ శిల్పం ఇంకా బాల్యంలో ఉన్నప్పటివి. భీముడి గుడి అన్నిటికంటే చిన్నది, ఎత్తైన చోట ఉంది. దాన్ని కట్టిన రాళ్ళు మాత్రం భీముడికి తగ్గవే. ఒక్కో వరుసకు కొన్ని బండలే, అంత పెద్దవి. నేను ఒక రాతిని చేతులు చాచి కొలవబోతే సరిపోలేదు. మాస్టారు వైశాల్యం లెక్క మొదలుపెట్టారు.

పురాణాల్లో ఏడు కులపర్వతాలు చెబుతారు. ఆ జాబితాలో మొదటి పేరు మహేంద్రమే. భూమినంతా దానం చేసేసిన పరశురాముడు తపస్సు చేసుకోవడానికి వచ్చి ఉన్నది ఇక్కడేనని భారతం. కాళిదాసు రఘువంశంలో రఘువు మహేంద్రనాథుణ్ణి ఓడించి, సంపద మాత్రం తీసుకుని రాజ్యం తిరిగి ఇచ్చేస్తాడు. తర్వాత వచ్చిన రాజులకు అంత మర్యాద లేదు. కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజుల తామ్రశాసనాల్లో ఒక వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తుంది. మహేంద్రాచల శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామి పాదాలకు మొక్కిన పుణ్యంతోనే తమకు రాజ్యం వచ్చిందని. వాళ్ళ కులదైవం ఈ కొండ మీది శివుడు. ఆ వంశానికి మూలపురుషుడైన కామార్ణవుడు తమ్ముళ్ళతో వచ్చి ఈ కొండెక్కి స్వామిని కొలిచి, నంది లాంఛనం పొంది, దిగి కళింగాన్ని జయించాడన్న కథ 12వ శతాబ్దపు శాసనాల్లో ఉంది. అతను ఓడించిన రాజు పేరు ఒక చోట శబరాదిత్యుడు. శబరులంటే ఈ సవరలే. అంటే దేవుణ్ణి ఇచ్చిన కొండవాళ్ళ నుంచే రాజ్యమూ తీసుకున్నారన్నమాట.

చోళులూ ఇక్కడి దాకా వచ్చారు. సంస్కృతంలోనూ తమిళంలోనూ చెక్కిన వాళ్ళ విజయ శాసనం ఈ గుళ్ళలో ఉంది. పక్కన చోళుల పులి, పాండ్యుల గుర్తు అయిన రెండు చేపలు. కావేరి ఒడ్డు నుంచి ఇంత దూరం వచ్చి, ఇంత ఎత్తు ఎక్కి, గెలిచామని రాయి మీద రాయించారు. ఎక్కిన ప్రతివాడూ ఏదో ఒకటి రాసి దిగిపోయాడు. ఇప్పటి యాత్రికులు బొగ్గుతో పేర్లు రాస్తున్నారు, నీళ్ళ సీసాలు వదిలేస్తున్నారు. మా వెంట వచ్చిన యువకుడు ఎవరూ చెప్పకుండానే రెండు సంచుల నిండా సీసాలు ఏరాడు. ఇనుప సామాను బండివాడు కొంటాడట.

ఆగ్నేయంగా మబ్బు కాస్త విడినప్పుడు సముద్రం కనిపించింది. నిన్న నేను నిలబడిన చోటు ఇదీ అని చూపించేంత స్పష్టంగా ఏమీ లేదు, ఒక వెలుగు గీత అంతే. మాస్టారు అది సముద్రమేనన్నారు, యువకుడు అవునన్నాడు, నేనూ ఒప్పుకున్నాను.

మూడో రోజు: పర్లాకిమిడి

ముందు రోజు సాయంత్రమే పడమటి వైపు జీపులో కోయిన్‌పూర్ మీదుగా దిగి పర్లాకిమిడి చేరాం. ఆ జీపు ప్రయాణాన్ని మాస్టారు యాత్రలో భాగంగా లెక్కించవద్దన్నారు.

పర్లాకిమిడిలో బజారంతా తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి. ఒక దుకాణంలో ధర తెలుగులో అడిగితే ఒడియాలో చెప్పారు, ఒడియాలో బేరమాడిన ఇంకొకరికి తెలుగులో బదులొచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ సంస్థానాన్ని రెండుగా కోశారు. పట్నం, కోట అటు పోయాయి. పాతపట్నం వైపు గ్రామాలు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. మహేంద్రగిరి శిఖరం అటు, మందస ఇటు అయింది కూడా అప్పుడే. అదే ఏడాది కొండ మీద ఇంకో పని జరిగింది. మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు 'సొరంగ సొంపెంగ' లిపిని రూపొందించారు. కింద గీత గీసినవాళ్ళ గురించి రాసినన్ని పుస్తకాలు ఈ లిపి గురించి రాయలేదు.

సవర భాష అనగానే గిడుగు రామమూర్తి గారి మాట రావాలి. ఆయన ఇక్కడ రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడు. వ్యవహారిక భాష కోసం చేసిన పోరాటం వల్ల మనకు తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. కానీ అంతకు ముందే ఆయన సవరలను ఇంటికి పిలిచి భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకు బడి పెట్టారు, తర్వాతి కాలంలో సవర వ్యాకరణం, నిఘంటువు కూడా రాశారు. మనిషి మాట్లాడే భాషకు విలువ ఉందన్న నమ్మకం ఆయనకు తెలుగు పండితుల దగ్గర కలిగిందనుకోను. కొండ దిగి వచ్చినవాళ్ళ మాట వింటూ కలిగి ఉంటుంది. ఇది నా ఊహే. మాస్టారు ఒప్పుకోలేదు.

ఊళ్ళో కొమ్ముతో చేసిన బొమ్మలు చూశాం. కొంగ బొమ్మ మెడ వంపు చాలా బాగుంది, ధర అంతకంటే ఎక్కువగా ఉంది. తర్వాత నౌపడ–గుణుపూర్ రైలెక్కి పక్క స్టేషను పాతపట్నంలో దిగాం. 1900లో రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి వేయించిన బుల్లి రైలుమార్గం ఇది. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. నీలమణి దుర్గ గుడిలో దండం పెట్టుకుని, బయట ఇడ్లీ తిని, ఆ పూట అక్కడే ఆగాం.

నాలుగో రోజు: గొట్టా, శ్రీముఖలింగం

గొట్టా బ్యారేజీ మీద నిలబడితే వంశధార విశాలంగా కనిపిస్తుంది. పడమటి మహేంద్రతనయ దానిలో కలిసేది ఈ దరిదాపుల్లోనే. కలిసిన చోట ప్రత్యేకంగా చూడడానికి ఏమీ ఉండదు, నీళ్ళకు రంగు తేడా కూడా లేదు. ఈ నీళ్ళ వాటా కోసం రెండు రాష్ట్రాలు ట్రైబ్యునల్ ముందు ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. బ్యారేజీ దగ్గర చేపలు పడుతున్న ఒకాయన మాత్రం మమ్మల్ని ఎక్కడి నుంచి వచ్చారని అడిగి, మహేంద్రగిరి అనగానే చేతులు జోడించాడు.

శ్రీముఖలింగం వంశధార ఎడమ గట్టున ఉంది. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం ఇదేనని గుర్తించినవారిలో గిడుగు వారే ముఖ్యులు. ఆయన పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి దగ్గరే. ఈ గుడి శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. ఊళ్ళో మూడు ఆలయాలు: మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర. సోమేశ్వరాలయానికి మండపం లేదు, శిఖరం ఒక్కటే నిటారుగా లేచి ఉంటుంది, చూడగానే కొండ మీది గుళ్ళు గుర్తొచ్చాయి. మధుకేశ్వరాలయం పెద్దది. ద్వారబంధాల మీద లతలు, వరాహమూర్తి, గోడల నిండా వందకు పైగా శాసనాలు. ఆ చెక్కడంలో ప్రతి వేలెడు చోటూ పని ఉంది. మహేంద్రగిరి మీది మొరటు బండలకూ ఈ నాజూకు పనికీ మధ్య కొన్ని వందల ఏళ్ళు, ఒక నది ప్రయాణం. 1078లో పట్టానికొచ్చిన అనంతవర్మ చోడగంగుడి కాలంలో రాజధాని కటకానికి తరలిపోయింది. పూరీ జగన్నాథాలయానికి పూనుకున్నవాడూ ఆయనే. ముఖలింగం పల్లెగా మిగిలింది, మన అదృష్టం కొద్దీ.

లింగం కథను అర్చకులు చెప్పారు. ఇక్కడొక శబర నాయకుడికి ఇద్దరు భార్యలు. వాకిట్లో ఇప్పచెట్టు. రాలిన పూలు ఏరుకోవడంలో ఇద్దరికీ తగవు. చిన్నదానికి మామూలు పూలు, భక్తురాలైన పెద్దదానికి బంగారు పూలు రాలడంతో తగవు ముదిరింది. విసిగిపోయి నాయకుడు గొడ్డలి ఎత్తి చెట్టును నరికితే, మొదలులోంచి శివుడి ముఖం కనిపించింది. మధూకం అంటే ఇప్పే కాబట్టి స్వామి మధుకేశ్వరుడు. ఆడవాళ్ళలో ఎవరికి ఏ పూలు రాలాయో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. శబరుడు, గొడ్డలి, ఇప్పచెట్టు మాత్రం ఎవరి కథలోనూ మారవు. కొండ మీద రాజులు గోకర్ణస్వామి దగ్గర వరం తీసుకుని శబరాదిత్యుణ్ణి గెలిచారు. కింద వాళ్ళ రాజధానిలో వెలసిన దేవుడు శబరుడి వాకిట్లోంచే లేచాడు. శాసనం రాయించుకునే స్తోమత లేనివాళ్ళు కథలో చోటు సంపాదించుకున్నారనిపించింది. అర్చకులతో ఆ మాట అంటే, "స్వామి ముందు అందరూ ఒకటే నాయనా" అని విభూతి పెట్టారు.

గుడి బయట టీ తాగుతూ తర్వాతి యాత్ర మాట వచ్చింది. చిక్కేమిటంటే, మహేంద్రగిరి మీద పెద్ద జాతర శివరాత్రికే, ముఖలింగంలో ఉత్సవమూ శివరాత్రికే. ఇక్కడ వంశధారలో చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. అక్కడ రాత్రంతా కొండ దారుల్లో దీపాలు కదులుతుంటాయట. మాస్టారు బుడారిసింగి దారినే మళ్ళీ ఎక్కుదామన్నారు. నేను ఈసారికి ముఖలింగమన్నాను, ఇక్కడికి బస్సుంది కదా. టీ కొట్టు ఆయన ఇద్దరి వాదనా విని, శివరాత్రి రోజు ఆ బస్సులో నిలబడడానికి కూడా చోటుండదు, కొండే నయమన్నాడు. మాస్టారు టీ డబ్బులు తానే ఇచ్చేశారు.